మార్చి నెల రీడింగు

నేను మీటర్లు చూస్తాను.
జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, రైల్వే గోడ వెంబడి
మొత్తం రెండు వేల మూడొందల సర్వీసులు.
ఎవరింట్లో కొత్త ఫ్రిజ్ వచ్చిందో, ఎవరింట్లో ఫ్యాన్ ఆగిపోయిందో
వాళ్ళ చుట్టాల కంటే ముందు నాకు తెలుస్తుంది.
మీటరు దాకా వచ్చే తీగని మాత్రం
పదకొండేళ్ళలో ఒక్కసారీ తలెత్తి చూళ్ళేదు.

ఫిలోమినా చూడమంది.
చర్చి సందు మొదట్లో ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది.
"సాయంత్రం ఆరుకి రా. గొడుగు తెచ్చుకో."
మబ్బే లేదు కదా అన్నాను.
"మబ్బొస్తాది. నువ్వు రా ముందు."

ఆరుంపావు.
పోర్టు వైపు ఆకాశం
ఇనప మట్టి నీళ్ళల్లో ముంచి పిండిన పంచెలా ఉంది.
మొదట ఒకటి వచ్చింది, గబ్బిలం అనుకున్నాను.
తర్వాత ఏడో ఎనిమిదో.
ఆ తర్వాత మేఘాద్రి గెడ్డ మీంచి, ఉప్పుటేరు మీంచి,
డాల్ఫిన్ కొండ భుజం చుట్టి
ఎవరో బస్తా మూతి విప్పి మినుములు కుమ్మరించినట్టు.
కింద పడని మినుములు.
పడబోయి, మనసు మార్చుకుని, మళ్ళీ పైకి లేచే మినుములు.

కత్తెర తోకలు. నీలం మెరిసే నల్ల వీపులు.
గొంతు దగ్గర ఇటికరంగు,
తాంబూలం వేసుకుని తుడుచుకోవడం మరిచినట్టు.
వానకోయిలలంటారట.
వాన లేదు, కోయిలా కాదు.

చీకటి పడేసరికి తీగలు కనిపించలేదు, పిట్టలే కనిపించాయి.
ఒకదాని ముక్కు ఇంకోదానికి అందనంత దూరం, అంతే.
సిటీ బస్సులో మనం ఇంత మర్యాదగా కూర్చోం.
ఊరుకోలేక లెక్క కట్టాను:
ఒక తీగకి నూట ఎనభై, తీగలు ఐదు,
స్తంభాలు పద్దెనిమిది, నడుమ ఖాళీలు పదిహేడు,
పదిహేను వేల మూడొందలు...
లారీ ఒకటి హారన్ కొట్టింది.
అన్నీ లేచాయి. నా లెక్క సున్నా.

గొడుగు మీద టపటపా పడుతోంది.
ఫిలోమినా దాని కిందే కూర్చుని నోట్లు సర్దుకుంటోంది.
"మా ఆయన పోయిన ఏడూ ఇలాగే వొచ్చీసినాయి.
ఇంటి నిండా జనం. ఈ గోలే ఇనబడింది నాకు."

లైన్‌మన్ జోజప్ప సైకిలాపాడు.
"బాగా చూసుకోండి. వచ్చే నెల లైనంతా భూమిలోకే."
హుద్‌హుద్ తర్వాత పద్నాలుగు రోజులు
ఈ స్తంభాలెక్కి దిగిన మోకాళ్ళు ఆయనవి.
"మంచిదే. గాలొచ్చినా తెగదు."
మరి ఇవి?
పైకి చూశాడు. భుజం మీద ఒకటి పడింది.
తుడుచుకోకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.
"మంచు కరిగే దేశం దాకా పోవాల పాపం.
మూడు చిల్లర బిళ్ళల బరువుండదు ఒక్కోటి.
తిరిగొచ్చినప్పుడు సూద్దాం."
ఎవరు చూస్తారో చెప్పలేదు.

ఇరవయ్యెనిమిదిన ఉన్నాయి.
ఇరవయ్యెనిమిది రాత్రికీ ఇరవైతొమ్మిది సాయంత్రానికీ మధ్య
ఎప్పుడో లేవు.
వెళ్తుంటే చూసినవాళ్ళు వీధిలో లేరు.
చూశామన్నవాళ్ళు నలుగురున్నారు,
నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు.

ఆరుంపావుకి ఫిలోమినా గొడుగు విప్పింది.
ఏమీ పడలేదు.
ముయ్యనూ లేదు.

మనుషుల్లేని ఇంటికి మా మెషీన్లో ఒక బటన్ ఉంది:
తాళం.
నొక్కితే కనీస చార్జీ వేసి చీటీ ఇస్తుంది.
ఎవరూ చూడకుండా
మొదటి స్తంభం నెంబరు కొట్టి, తాళం నొక్కాను.
అలాంటి సర్వీసు లేదంది.

ఏప్రిల్లో గొయ్యి తవ్వారు, కేబుల్ పాతారు,
తీగలు చుట్టలు చుట్టి లారీలో వేసుకుపోయారు.
రోడ్డు మీద మాత్రం
ఐదు తీగలుండిన చోట ఐదు తెల్లటి చారలు
చర్చి సందు దాకా తిన్నగా.
వాటిని తొక్కకుండా నడిచాను నేను,
జూన్లో మొదటి వాన పడేదాకా.